ఎవరి కొలతలకి?

జాకెట్టు కుట్టడం నేర్చుకునే వాళ్ళకి మొట్టమొదట చెప్పే పాఠం గుడ్డని రెండు పొరలుగా మడవడం. కాగితం కటింగు సగం ఒంటికే ఉంటుంది. దాన్ని మడిచిన గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తే కుడి ఎడమలు ఒకేసారి వచ్చేస్తాయి. ఛాతీ 36 అంగుళాలయితే అందులో నాలుగో వంతు 9, వదులుకి మరో అర అంగుళం, లోపలి కుట్టుకి అంగుళమో అంగుళమున్నరో. పాతికేళ్ళుగా నా జాకెట్లు నేనే కుట్టుకుంటున్నాను కాబట్టి ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ మడతలో ఒక నమ్మకం దాగి ఉందని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఆడదాని ఒళ్ళు కుడీ ఎడమా ఒకలాగే ఉంటుందన్న నమ్మకం అది.

అక్కకి క్యాన్సరు వచ్చి ఎడమ రొమ్ము తీసేశాక ఆ సంగతి తెలిసింది. ఎప్పుడూ కుట్టించుకునే టైలరు దగ్గరికి వెళ్ళనంది. పాత జాకెట్లు వేసుకుంటే ఎడమవైపు గుడ్డ ఖాళీగా ముడతలు పడుతోంది. చంక దగ్గరి కుట్టు మచ్చని ఒరుసుకుంటోంది. చంకలో గ్రంథులు కూడా తీసేయడంతో ఆ చెయ్యి వాస్తోంది, చేతి అంచు బిగుసుకుపోతోంది. “నువ్వే కుట్టిపెట్టవే” అంది.

టేపు పట్టుకుని కూర్చున్నాక గాని అసలు చిక్కు అర్థం కాలేదు. చదునుగా ఉండే గుడ్డ ఒంటి గుండ్రాన్ని పట్టుకునేది టక్కుల వల్లే. ఇప్పుడు ఎడమవైపు ముందు భాగానికి టక్కు అక్కర్లేదు, చంక కింద అంత గుడ్డా అక్కర్లేదు. చేతికి మాత్రం కుడివైపు కంటే ఎక్కువ వదులు కావాలి. నా దగ్గరున్న కాగితం కటింగుల్లో ఒక్కటీ పనికిరాలేదు. గుడ్డ మడత విప్పి, ఒక్కో పక్కకీ ఒక్కో కాగితం గీసుకోవాల్సి వచ్చింది.

ఈ కాగితాలకి పెద్ద చరిత్రే ఉంది. 1863లో అమెరికాలో ఎబెనీజర్ బటరిక్ సైజుల వారీగా కాగితపు కటింగులు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళకి అది నిజంగానే గొప్ప వెసులుబాటు. కానీ ఎవరో ఒకరి ఒంటిని అందరి ఒళ్ళకీ ప్రమాణంగా నిలబెట్టనిదే సైజు అనేది పుట్టదు. ఆ ప్రమాణం కోసమే అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 15 వేల మంది స్త్రీలని కొలిపించి 1941లో నివేదిక ప్రచురించింది. అందులో లెక్కకి తీసుకున్నది తెల్లజాతి స్త్రీల కొలతలనే. మిగతావాళ్ళు కొలిపించుకోవడానికి ముందుకొచ్చినా వాళ్ళ కొలతలు పక్కన పడేశారు. మన దేశంలో 25 వేల మందిని కొలిచి భారతీయ సైజులు తయారుచేస్తామన్న ప్రకటన 2018లో గాని రాలేదు. ఎంతమందిని కొలిచినా చివరికి తేలేది సగటే. ఆ సగటులో అక్క లాంటి ఒళ్ళు ఉండదు. అయినా బట్టల దుకాణంలో అద్దం ముందు నిలబడి, “ఈ డ్రెస్సు నా కొలతకి లేదు” అనే వాళ్ళెంతమంది? “నేనే లావైపోయాను” అని గదా మనం గొణుక్కునేది! తప్పు గుడ్డదైనా శిక్ష ఒంటికే వేస్తాం.

ఇంతవరకూ నా ఆలోచన సాఫీగానే సాగింది. మన పత్రికల్లో మనం రాసుకునే మాటలే ఇవి. ఒళ్ళు కటింగుకి లొంగకూడదు, కటింగే ఒంటికి లొంగాలి. అందుకే ఎడమవైపు చదునుగా, ఉన్నది ఉన్నట్టుగా జాకెట్టు కుట్టాలని తీర్మానించుకున్నాను. కవయిత్రి ఆడ్రే లార్డ్ 1978లో రొమ్ము తీసేయించుకున్నాక కృత్రిమ రొమ్ము పెట్టుకోనని నిరాకరించడం, ఆ అనుభవాన్ని 1980లో పుస్తకంగా తేవడం మనలో చాలామందికి తెలుసు. ఆ లోటుని దాచిపెట్టడమంటే మనలాంటి వాళ్ళు ఒకరికొకరు కనబడకుండా పోవడమేనన్న ఆమె వాదన నన్ను ఎప్పుడో గెలుచుకుంది. ఆ ధైర్యంతోనే అక్కకి జాకెట్టు తొడిగి చూపించాను. ఎక్కడా ముడత లేదు. నా జన్మలో అంత సరిగ్గా అమరేట్టు ఏదీ కుట్టలేదు.

అక్క అద్దంలో చాలాసేపు చూసుకుంది.

“బాగా కుట్టావే. కానీ ఇది నీ కోసం కుట్టుకున్నావు” అంది. “రేపట్నుంచి నేను బడికి వెళ్ళాలి. పిల్లలు నా పాఠం వినాలి గానీ నా జాకెట్టు వంక చూస్తూ కూర్చోకూడదు.”

“అక్కా, వాళ్ళ చూపు కోసం నువ్వెందుకు దాచుకోవాలి?” అన్నాను.

“ఆ చూపులు భరించాల్సింది నేనా, నువ్వా?”

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తిగా లేదు. అక్క కోరిక నిజంగా ఆమెదేనా, లేక లోకం చూపు ఆమెలో దూరి ఆమె గొంతుతో మాట్లాడుతోందా? ఈ ప్రశ్న అడిగే హక్కు స్త్రీవాదానికి ఉంది. మన కోరికల్లో ఎన్ని మనవి కావో మనకి చూపించింది అదే. కానీ జవాబు కూడా నేనే చెప్పేసి, దాన్ని గుడ్డగా కత్తిరించి, ఇంకొకరి ఒంటికి తొడగడం వేరే పని. బటరిక్ కాగితాన్ని తప్పుబట్టిన నేను నా సిద్ధాంతంతోనే మరో కటింగు తయారుచేశాను. అదీ మడత మీద కత్తిరించిందే. ఒకామె ధైర్యం ఇంకొకామెకి అచ్చుగా సరిపోతుందని నమ్మడమే ఆ మడత.

లార్డ్ తన ఒంటి గురించి తాను తీసుకున్న నిర్ణయం అది. దాంట్లో నేను తీసుకోవాల్సింది ఆ నిర్ణయాన్ని కాదు, నిర్ణయించుకునే అధికారాన్ని.

మర్నాడు ఇద్దరం కలిసి కూర్చుని మళ్ళీ గీశాం. ఈసారి సుద్ద అక్క చేతిలోనే ఉంది. ఎడమవైపు టక్కు తిరిగి వచ్చింది. లోపల మెత్తటి నూలు లైనింగు వేసి, దానికి పైన తెరిచి ఉండే జేబు ఒకటి కుట్టాం. దూది మరీ తేలిక, నడుస్తుంటే పైకి ఎగబాకుతుంది. అందుకని కాస్త బరువుండే మెత్త ఒకటి విడిగా చేసి ఆ జేబులో పెట్టాం. మచ్చ మీదికి ఏ కుట్టూ రాకుండా చూశాం. ఎడమ చెయ్యి వదులుగా ఉంచి, వాపు పెరిగినా ఇబ్బంది లేకుండా లోపల అంగుళంన్నర గుడ్డ వదిలాం.

బడికి వెళ్ళేటప్పుడు అక్క ఆ జేబులో మెత్త పెట్టుకుంటుంది. ఇంటికి రాగానే తీసి కిటికీ చువ్వల దగ్గర ఆరబెడుతుంది. మొన్నొక శనివారం బజారుకి బయల్దేరుతూ మెత్త అక్కడే వదిలేసింది. మర్చిపోయిందేమోనని గుర్తుచేయబోయాను, మళ్ళీ నోరు కట్టుకున్నాను.

ఆ జేబు నింపాలా ఖాళీగా ఉంచాలా అన్నది ఏ రోజుకారోజు తేల్చుకోవాల్సింది అక్క. నేను చేయగలిగిందల్లా ఆ జేబు కుట్టడమే.