సగము ధర



అమెరికాలోని బోస్టన్ పట్టణమున ఫైలీన్స్ బేస్‌మెంట్ అను దుకాణముండెను. 1947 మొదలుకొని అచ్చట ఖరీదైన పెండ్లిగౌనులను మిక్కిలి తక్కువ ధరకు అమ్ముచుండిరి. ఆ దినమున తెల్లవారకముందే స్త్రీలు బారులు తీరుచుండిరి. తలుపు తెరచిన ఒకటి రెండు నిమిషములలోనే దండెములన్నియు బోసిపోవుచుండెను. కొలత చూడక, కుట్టు చూడక, చేతికందినదెల్ల కౌగిలించుకొనుచుండిరి.

ఆ క్షణపు ఆనందము గౌనువలన కలిగినదా, గెలుపువలన కలిగినదా? ప్రక్కవారు చేయి చాచుటచేతనే గదా మన చేయియు ముందుకు సాగుచున్నది!

అయితే పిమ్మట జరుగుచుండినది గమనించుము. తమకు పట్టని గౌనులను వారు ఒకరితోనొకరు మార్చుకొనుచుండిరి. బిగబట్టినంతసేపు చేతులు నిండెనే గాని అక్కర తీరలేదు. విడిచినప్పుడే తగినది దొరకుచుండెను.

ఆ మొదటి దుకాణము 2007లో మూతపడెను. ఆ ఆత్రము మాత్రము మూతపడలేదు. మన సంతలోను ఉన్నది.

“సగము ధరకే” అను కేకకు నీ గుండె ఉప్పొంగిన తప్పులేదు. కాని ఎవరును పోటీకి రానియెడల ఈ వస్త్రమును కోరియుందునా అని నిన్ను నీవే అడుగుకొనుము. లేదందువా, నీవు కొనుచున్నది వస్త్రము కాదు, పొరుగువారిపై గెలుపు. అది పెట్టెలో పెట్టకముందే పాతబడును.