నలుబది తొమ్మిదేండ్ల పెండ్లికొడుకు

లోకమున దుఃఖములు పెక్కు గలవు. వానిలో చాలవానిని చూచి నవ్వరాదని చిన్నపిల్లవానికి సైతము తెలియును. ఆకలిగొన్నవానిని చూచి ఎవరును నవ్వరు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని చూచి నవ్వువాడు మనుష్యుడే కాడు. కాని ఒక్క దుఃఖము విషయమున మాత్రము మన సంఘము నవ్వుటకు ధారాళముగా సెలవిచ్చినది. అది వయస్సు మీరియు పెండ్లి కాక, నలుగురిలో మాటలాడుట చేతగాక, ఒంటరిగా బ్రదుకువాని దుఃఖము. చదువుకొన్నవారు, దయాశీలురు సైతము అట్టివాడు ఎదురైనప్పుడు ఒక చిన్న పరిహాసము విసరక మానరు. ఈ నవ్వు న్యాయమైనదేనా? ఒక చలనచిత్రము నాధారముగా గొని ఈ ప్రశ్నను విచారింప నెంచితిని.

ఆ చిత్రము ‘కేరాఫ్ కంచరపాలెం’. 2018 సెప్టెంబరు 7వ తేదీన విడుదలయైనది. వ్రాసి తీసినవారు వెంకటేశ్ మహాగారు. నిర్మించినవారు పరుచూరి ప్రవీణగారు. అమెరికాలో వైద్యవృత్తి నవలంబించిన తెలుగు మహిళ. ఇందు సలీమా యను పాత్రను ధరించినదియు వారే. కంచరపాలెము విశాఖపట్టణములోని ఒక పేట. నటన వృత్తిగా గలవారిని తేక, అచ్చటి నివాసులనే చేరదీసి పెక్కు పాత్రలను వారిచేతనే ధరింపజేసిరి. కాబట్టి ఇందలి మొగములు మనము సంతలోను బస్సులోను చూచు మొగములే. సుబ్బారావుగారు ధరించిన రాజు పాత్ర ఒక ప్రభుత్వ కార్యాలయమున అటెండరు. వయస్సు 49 ఏండ్లు. పెండ్లి కాలేదు. పేటలో ఎవరి కష్టములు వారికున్నను, రాజునకు పెండ్లి యేల కాలేదన్న మాట మాత్రము అందరికి ఉమ్మడి చర్చ. ఇట్లుండగా రాధ యను ఒడియా స్త్రీ ఆ కార్యాలయమునకు అధికారిణిగా బదిలీపై వచ్చును. ఆమె వయస్సు 42 ఏండ్లు, వితంతువు, ఎదిగిన కూతురు గలది. వీరిద్దరి నడుమ పుట్టిన స్నేహము పెండ్లిమాటకు దారితీయుటయే, నవ్వులతో నిండిన ఈ ప్రేమకథకు మూలసూత్రము.

ఇట్టివానిని ప్రేమకథకు నాయకునిగా చేయుటకు మన పాత అలవాటు ఒప్పుకొనదు. సంస్కృత నాటకశాస్త్రమున నాయకులు ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాలుగు విధములు. నలుగురును ధీరులే. మాట తడబడువానికి, పదిమందిలో చేతులెక్కడ పెట్టుకొనవలెనో తెలియనివానికి అందు చోటు లేదు. అట్టివాడు రంగస్థలమునకు రావలెనన్న విదూషకుడై రావలెను. విదూషకుడు రాజుగారి ప్రేమకు రాయబారము నడుపును, తిండికి ఆశపడును, సభను నవ్వించును. తనకొక ప్రేమ యుండునని ఎవరును తలపరు. భరతముని శృంగారమునుండి హాస్యము జనించుననియు, శృంగారమునకు అనుకరణమే హాస్యమనియు చెప్పెను. ఇది లోతైన మాట. తగిన వయస్సు, తగిన రూపము ఉన్నచోట ప్రేమ శృంగారమగును. అవి లేనిచోట ఆ చేష్టలే నకలుగా తోచి నవ్వు పుట్టించును. ఇరువదేండ్ల పడుచువాడు అద్దము ముందు తల దువ్వుకొన్నచో మనము ముచ్చటపడుదుము. నలుబది తొమ్మిదేండ్ల అటెండరు దువ్వుకొన్నచో నవ్వుదుము. ఇద్దరి చేతిలోను ఉన్నది దువ్వెనయే, ఇద్దరి మనస్సులోను ఉన్నది ఆశయే. భరతుడు ఈ నవ్వు ఎట్లు పుట్టునో చెప్పెను. అది ధర్మమా కాదా యన్న విచారమును మనకు విడిచిపెట్టెను.

తెలుగు చిత్రములు ఈ విచారమును తప్పించుకొనుటకు ఒక ఉపాయమును కనిపెట్టినవి. నవ్వులపాలైనవానిని లోలోపల గొప్పవానినిగా చేయుటయే ఆ ఉపాయము. మా తాడిపత్రి ప్రాంతమున జన్మించిన కె. వి. రెడ్డిగారు 1949లో ‘గుణసుందరి కథ’ను తీసిరి. హాస్యనటుడైన కస్తూరి శివరావుగారిని నాయకుని చేసిరి. ఆనాటికి అది సాహసమే. రాజుకూతురగు గుణసుందరి, అవిటివాడని లోకము ఏవగించుకొన్న దైవాధీనమును భర్తగా స్వీకరించి ఆదరించును. కాని ఆ దైవాధీనము శాపగ్రస్తుడైన రాజకుమారుడు! ఆమె ఆదరణకు తగినవాడే యని మనము తుదకు ఊపిరి పీల్చుకొందుము. 2004లో వచ్చిన ‘మల్లీశ్వరి’యందు నాయకుడు పెండ్లి కుదరక వయస్సు మీరుచున్న బ్యాంకు ఉద్యోగి. ధరించినవారు వెంకటేశ్‌గారు, అట్టి అందగానికి పిల్ల దొరకలేదన్నచో నమ్ముట కష్టము. కథలో అతనికి తుదకు రాజవంశపు కన్యయే లభించును. అయినను ఆ చిత్రములోని ‘పెళ్లికాని ప్రసాద్’ అను పేరు తెరమీదినుండి దిగి ఊరూర స్థిరపడినది. తెరమీది ప్రసాదునకు రాకుమారి దక్కినది. ఆ పేరుతో పిలువబడు మన ఊరివారికి పేరు మాత్రమే మిగిలినది.

కంచరపాలెపు రాజునకు శాపము లేదు, శాపవిమోచనము లేదు. మొదట అటెండరు, తుదిని అటెండరే. అందగాడు కాలేదు, ధనవంతుడు కాలేదు, నలుగురిని కొట్టి వీరుడు కాలేదు. చిత్రము అతనిని మార్చలేదు; అతనిని చూచు మన చూపును మార్చినది. అదెట్లో చెప్పుటకు కథలోని గుట్టు విప్పక తప్పదు. చిత్రమును చూడనివారు మన్నింతురుగాక. రాజు కథతోపాటు మరి మూడు ప్రేమకథలు ఒకే కాలమున జరుగుచున్నట్లు తెరమీద నడుచును. సుందరమను బడిపిల్లవానికి సునీతపై గల ముగ్ధమైన ఇష్టము ఒకటి. జోసెఫు అను క్రైస్తవ యువకునికిని భార్గవియను బ్రాహ్మణ కన్యకును గల ప్రేమ రెండవది. మద్యము దుకాణమున పనిచేయు గడ్డము వానికి, ముసుగులోనుండి కన్నులు మాత్రమే కనబడు సలీమాపై కలిగిన ప్రేమ మూడవది. ఈ మూడును భగ్నమగును. పెద్దల అధికారము ఒకదానిని, మతభేదము మరియొకదానిని, మనుష్యుల క్రౌర్యము మూడవదానిని మ్రింగివేయును. తుదకు రాజు నోరు విప్పినప్పుడు తెలియును: సుందరము, జోసెఫు, గడ్డమువాడు ఎవరో కారు, ఆ ముగ్గురును రాజే.

ఇది ప్రేక్షకుని ఆశ్చర్యపరచుటకు చేసిన గారడి మాత్రమే యని కొందరందురు. నా కట్లు తోచలేదు. అంతవరకు మనమును పేటవారితో కలసి, ‘పాపము, ఇతనికి ఏమి తెలియును!’ అని నవ్వుచుంటిమి. ఆ మూడు కథలను చూచి కంట తడిపెట్టితిమి గాని, ఆ కన్నీరు ఈ అటెండరునకు చెందునని ఎరుగము. ఒంటరివాని ఒంటరితనమును మనము వట్టి ఖాళీగా ఎంచుదుము. ఏమియు జరుగనందున ఇతడు ఇట్లున్నాడని తలతుము. చాల జరిగినందున ఇట్లున్నాడని తలచుటకు మనకు తీరిక లేదు. వాని మౌనమున ఎవరున్నారో, వాని తడబాటు వెనుక ఎన్ని వీడ్కోళ్లున్నవో అడుగకయే తీర్పు చెప్పుదుము. నవ్వు తప్పగునది ఇచ్చటనే. తెలిసిన లోపమును చూచి నవ్వుట ఒకటి. తెలియని బ్రదుకునకు వెల కట్టి నవ్వుట మరియొకటి.

ఈ మాట మా అనంతపుర పీఠభూమిపై మరింత గట్టిగా వినబడును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు కురియు నేల ఇది. అదియు అదనున కురియునన్న నమ్మకము లేదు. వేరుశెనగ విత్తినవాడు ఆకాశమును చూచుచు కూర్చుండవలెను. పిల్లనిచ్చువారు పూర్వము బోరులో నీరున్నదా యని అడిగెడివారు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగమున్నదా యని అడుగుచున్నారు. వారిని తప్పుపట్టజాలము, కూతురును కరవునకు కన్యాదానము చేయుటకు ఏ తండ్రి ఒప్పుకొనును? అందుచేత సేద్యమును, ముసలి తల్లిదండ్రులను విడువక ఊరిలో నిలిచిన యువకులు ముప్పది యైదేండ్లు దాటియు ఒంటరిగా నిలిచిపోవుచున్నారు. ఊరిలో ఏ పెండ్లి జరిగినను పందిరి వేయువాడు, నీళ్లు మోయువాడు, కడపంక్తి వరకు వడ్డించువాడు అతడే. అతని వంగిన వీపుపై చేయివేసి ‘నీ పప్పన్నము ఎప్పుడురా?’ యని అడుగనివారు లేరు. అడిగినవారు నవ్వుదురు, అతడును నవ్వును. అతని నవ్వును మనము సమ్మతిగా లెక్కించుకొందుము.

ఇది మా యొక్క సీమ సంగతియే కాదు. 2023 ఫిబ్రవరిలో పొరుగున కర్ణాటకలోని మండ్య జిల్లా బ్రహ్మచారులు, సేద్యగాండ్రే అధికముగా, తమకు వధువులు దొరకవలెనని మలె మహదేశ్వర కొండకు కాలినడకన యాత్ర చేసిరి. ఆ వార్తను వినోదముగా చదివినవారే యెక్కువ. సేద్యమునకు విలువ తగ్గుట, ఆడశిశువును గర్భముననే తుడిచివేయు దురాచారము ప్రబలి 1994లో దానికై శాసనము చేయవలసి వచ్చుట, ఇవి అందరును కలసి చేసికొన్న పాపములు. వాని ఫలమును కొందరొంటరులు మోయుచుండగా, మిగిలినవారు నవ్వుచున్నారు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. ఒంటరి పురుషునిపై ఇంత జాలి చూపినచో, స్త్రీ అతని దుఃఖమునకు మందుగా మారదా? వాని కన్నీరు తుడుచుట ఆమె విధియగునా? ఆక్షేపణ సరియైనదే. ప్రేమను ఆశించు హక్కు అందరికిని కలదు. ఒకానొక వ్యక్తి ప్రేమను బాకీవలె వసూలు చేయు హక్కు ఎవరికిని లేదు. ఈ భేదమును మరచి, వద్దన్న పిల్ల వెంట పడుటయే ప్రేమయని బోధించిన చిత్రములు మనకు కొల్లలు. రాజు అట్లు చేయడు. రాధ తన బుద్ధితో అతనిని ఎరిగి, తన నోటితో పెండ్లిమాట ఎత్తును. పదవిలో ఆమె పెద్ద. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు, వధువు బాల్యముననే భర్తను కోల్పోయిన బాలిక. ఎదిగిన కూతురు గల స్త్రీ తనంత తాను తోడు కోరుకొనునన్న మాటను ఆనాటి సంఘము చెవినిడియుండదు. 137 ఏండ్ల పిమ్మట వచ్చిన ఈ చిత్రమునను ఆమె అయినవారి అడ్డు తప్పలేదు. వయస్సు మీరిన పురుషుని ప్రేమకు లోకము నవ్వును. వయస్సు మీరిన స్త్రీ ప్రేమకు నవ్వుటతో ఆగదు, నిందించును. రాధది రాజుకంటె పెద్ద ధైర్యము.

చిత్రమున దోషములు లేకపోలేదు. సునీత, భార్గవి, సలీమా తమ తమ కథలనుండి తొలగిపోయి రాజు జ్ఞాపకములుగా మాత్రమే మిగులుదురు. ముఖ్యముగా సలీమా మరణము, ఆమె బ్రదుకు గూర్చి మనకు ఇంకను తెలియవలసియుండగానే, కథ అవసరమునకై త్వరపడి వచ్చినట్లుండును. ఒంటరి పురుషునికి లోపలి చరిత్ర కలదని నిరూపించిన కథ, ఆ స్త్రీలకును అట్టి చరిత్రను కొంత ఇచ్చియుండిన మరింత న్యాయముగా నుండెడిది.

ఐనచో నవ్వనే రాదా? నవ్వు లేనిచో ఇది హాస్యకథ యెట్లగును? నవ్వవచ్చును. 1955లో అమెరికాలో ‘మార్టీ’ యను చిత్రము వచ్చినది. మాంసపు అంగడిలో పనిచేయు 34 ఏండ్ల ఒంటరివాని కథ. ఆ యేటి ఉత్తమ చిత్రముగా ఆస్కారు బహుమతి పొందినది. తమ్ములు చెల్లెండ్లు అందరును పెండ్లాడగా నీవేల మిగిలితివని అంగడికి వచ్చిన ప్రతి స్త్రీయు అతనిని మందలించును. తాను మెచ్చిన ఉపాధ్యాయిని అందగత్తె కాదని మిత్రులు వెక్కిరించినప్పుడు కొంతసేపు అతడును జంకును. తుదకు వారి మాట త్రోసివేసి ఆమెకు టెలిఫోను చేయును. ఆ ఒక్క గడియ ముందర అతడు, నీవెప్పుడు పెండ్లాడెదవని తన మిత్రుని దబాయించును. చూచువారు పకపక నవ్వుదురు. ఆ నవ్వు మార్టీని చూచి కాదు. అందరి నోటను ఆడు ఆ ప్రశ్న ఎంత వట్టిదో తెలిసి. కంచరపాలెమునను అంతే. రాజు పెండ్లిని గూర్చి పేట పేటంతయు పడు ఆరాటమును చూచి మనము నవ్వుదుము. అందు నవ్వులపాలగునది మన మధ్యవర్తిత్వము. దానిని చూచి ఎంత నవ్వినను ఎవరి మనస్సును నొవ్వదు.

కాబట్టి సంస్కరణమనగానే సభలు, తీర్మానములు తలపునకు తెచ్చుకొననక్కరలేదు. ఈ మాఘమాసమున మన ఊళ్లలో పెండ్లిండ్లు జరుగును. పందిరి గుంజ పాతుచు, గంగాళములు మోయుచు మనకు తెలిసిన ఆ నలుబదేండ్లవాడు కనబడును. వానిని పప్పన్నమెప్పుడని అడుగక, మొదటి పంక్తిలోనే చేయిపట్టి కూర్చుండబెట్టి, ఈ యేడు పైరెట్లున్నదని అడుగుదము. అతడు చెప్పదలచినచో మిగిలినది అతడే చెప్పును.