పేరు తెలియని పెద్దలు

హిరేబెణకల్ గుట్ట మీద నాలుగు వందల దాకా రాతి సమాధులున్నాయి. కర్ణాటకలో గంగావతి నుంచి కొప్పళ వైపు వెళ్లే దారిలో వస్తుంది ఆ ఊరు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొస్తాయని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నాట్లేసుకున్నవాళ్లం మేము. మా వలసవాళ్ల క్యాంపులో ఇప్పటికీ ఇంట్లో తెలుగే. గుట్ట మీది కట్టడాలు మాత్రం మాకన్నా, కాలువకన్నా, హంపీకన్నా పాతవి. క్రీ.పూ. 800 నుంచి 200 మధ్యవని పురావస్తు శాఖవాళ్ల లెక్క.

నాన్న చనిపోయిన ఏడాది ఆ గుట్ట ఎక్కాను. బండల మధ్య దారి, ముళ్లకంప. ఎలుగుబంట్లు తిరుగుతాయి, పొద్దుండగానే దిగిపొమ్మని ఊళ్లోవాళ్లు చెప్పి పంపారు. పైకెళ్లాక అంతా బయలు, దాని నిండా రాతి గదులు. మూడు పక్కల నిలువు పలకలు, మీద కప్పు పలక, ముందు పలకకు గుండ్రటి కన్నం. ఒక కన్నం అంచు చుట్టూ వేలు తిప్పి చూశాను. అంత గట్టి రాయిని అంత గుండ్రంగా తొలిచినవాళ్లు తొందరపడలేదని వేలికే తెలిసింది. లోపల ఎండుటాకులు, మేకల పెంటికలు. పక్క గదిలో నిధి కోసం ఎవరో నేల తవ్విపోశారు, కప్పు విరిగి ఒరిగిపోయింది. 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన చోటది. చూసి కడుపు రగిలిపోయింది.

ఎత్తైన బండ మీద నగారాలాంటి రాయి ఉంది. కర్రతో కొడితే కిలోమీటరు దూరం వినబడుతుందంటారు. నాకు చెయ్యి రాలేదు.

ఆ కన్నం ఎందుకు? ప్రాణం వచ్చిపోవడానికని కొందరంటారు, బువ్వ పెట్టడానికని కొందరు. ఏదైనా సరే, పోయినవాడికి ఇంకా ఏదో అందించాలన్న నమ్మకం లేకపోతే అంతమంది కలిసి అంతంత పలకలు ఎత్తరు. మనం కాల్చేస్తాం, అస్థికలు నీళ్లలో కలిపేస్తాం. నాన్న తద్దినానికి పంతులుగారు మూడు తరాల పేర్లడిగారు. నాన్న వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. ముత్తాత పేరు కోసం మేనత్తకు ఫోన్ చేశాను. ఆ పై తరం పేరు ఎవరూ అడగరు. ఆ క్షణాన అది చాలా కటువనిపించింది.

తర్పణం చివర తడిగుడ్డ పిండించారు. మా వంశంలో పిల్లల్లేకుండా పోయినవాళ్లకట. మరి వంశమే తెలియనివాళ్లకో అని అడిగాను.

"దర్భముడి విప్పి వదిలే నీళ్లున్నాయి కదా బాబూ! తల్లీ తండ్రీ చుట్టమూ ఎవరూ లేనివాళ్లకు అవి."

"గోత్రం చెప్పక్కర్లేదా పంతులుగారూ?"

"చెప్పడానికి వాళ్లకెవరున్నారు?"

గుట్ట మీదివాళ్లు ఏ భాష మాట్లాడారో, ఏ దేవుడికి మొక్కారో తెలియదు. వాళ్ల వంశం తెగిపోయిందో, ఈ నేల మీది వాళ్లలోనే ఇంకా పారుతోందో చెప్పగలిగినవాళ్లూ లేరు. పంతులుగారు చెప్పిన ఆ నీళ్ల మంత్రం వాళ్లను తలచి పుట్టింది కాదు. అయినా ఆ నీళ్లు వాళ్లకు చేరతాయనే నా నమ్మకం. పేరు తెలిస్తేనే బాకీ అనుకుంటే, మూడో తరానికి పైనున్న నా సొంతవాళ్లకూ నేను ఏమీ బాకీ లేనట్టే. దానికి నా మనసు ఒప్పదు.

వచ్చే మహాలయ అమావాస్యకు దర్భలు వదిలేటప్పుడు ఆ గుట్టను తలుచుకుంటానని పంతులుగారితో చెప్పాను. ఆయన కాదనలేదు. తవ్విపోసిన గది సంగతి ముందు పంచాయతీలో చెప్పి రమ్మన్నారు.