ఉత్తరక్రియలయందు సత్యము



పెదకాకాని వాస్తవ్యుఁడగు మిత్రుఁ డొకఁడు నన్నిట్లు ప్రశ్నించెను: "మా తల్లి వృద్ధురాలు. నిత్యము మల్లేశ్వరస్వామి యాలయమునకుఁ బోవును. నేనో బ్రాహ్మధర్మము నవలంబించితిని. ఆమె గతించిననాఁడు నేనేమి చేయవలయును?" ఈ ప్రశ్న యాయన యొక్కనిది కాదు. మనలో ననేకుల గృహములందు వేచియున్నదే.

మన సమాజచరిత్రమున దీనికి నిదర్శనము గలదు. 1846వ సంవత్సరమున ద్వారకానాథ ఠాకూరు లండను నగరమున మృతినొందెను. ఆయన జ్యేష్ఠపుత్రుఁడగు దేవేంద్రనాథుఁడు సాలగ్రామము నెదుట నిడుకొని శ్రాద్ధము చేయ నొల్లక, నిరాకారుఁడగు పరమేశ్వరుని స్మరించి దానములు సమర్పించి, పిమ్మట కఠోపనిషత్తును బఠించెను. బంధువులు విడనాడిరి, ఆయన చలింపలేదు. అయినను ఆ గృహముననే తమ్ముఁడు గిరీంద్రనాథుఁడు పూర్వాచారము చొప్పున శ్రాద్ధము నెఱవేర్చెను. మొదటి సంగతిని మనము గర్వముతోఁ జెప్పుకొందుము; రెండవదానిని మఱచుచున్నాము.

పిండము పెట్టనివానికి ఆస్తి చెందదను భయము కొందఱి కున్నది. దక్షిణదేశమునఁ బ్రమాణమైన మితాక్షరయందు విజ్ఞానేశ్వరుఁడు సపిండత్వమనఁగా శరీరసంబంధమే యనెను గాని పిండప్రదానమని చెప్పలేదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము బ్రాహ్మసమాజానుయాయులకును వర్తించునని స్పష్టముగాఁ బలుకుచున్నది. కావున ధనభయముచే నసత్య మాడఁ బనిలేదు.

ఇఁక మిగిలినది ధర్మప్రశ్న. నీవు నమ్మని మంత్రమును నీ నోటఁ బలుకకుము. అట్లే తల్లి చితిని నీ యుపన్యాసవేదికగాఁ జేయకుము. అంత్యక్రియ పోయినవారిది, సంస్కర్త కీర్తికొఱకు జరుగునది కాదు.

కావున నేఁడే తల్లి నడుగుము. అశుభమని జంకకుము. తమ యంత్యక్రియలకై రూకలు దాఁచుకొను ముదుసళ్లు మన గ్రామములందుఁ గలరు. మరణమును గుఱించి పలుకుటకు వెఱచువారు కుమారులే. ఆమె పూర్వాచారమే కోరినయెడల, దానిని నమ్మిన తమ్ముఁడో దాయాదియో చేయును. వ్యయము నీవు భరింపుము, పాడె నీవు మోయుము. నీ వొక్కఁడవే కుమారుఁడవైనచో నీ యసమ్మతిని ఆమె బ్రదికియుండఁగనే మృదువుగాఁ దెలుపుము. బ్రదుకునాళ్లు తలయూఁచి, కన్నుమూసినపిదప మార్చుట వంచన. ఆమె కోరికను వేఱు కాగితమున వ్రాసి యింటివారి కిమ్ము. మరణశాసనము తఱచుగా దహనానంతరమే తెఱవఁబడును.

నీవు జరుపు ప్రార్థనాసభ యామె జీవితమునకుఁ దగియుండవలయును. కొంతసేపు మౌనము, ఒక కీర్తన, ప్రార్థన. పిదప బిడ్డలు మనుమలు తలకొక్క జ్ఞాపకముఁ జెప్పవలయును. పొగడ్తలు వలదు. పత్తితీఁతకు వచ్చిన కూలివారికి మజ్జిగ పోసిన తల్లియైనచో, ఆ దినమున వారినే పిలిచి పంక్తిభేదము లేక మజ్జిగ పోయుఁడు. చదువు నోఁచుకోక పరితపించిన తల్లియైనచో నొక బాలిక చదువునకు సాయపడుఁడు. పంటమీఁద నప్పు తెచ్చి సంతర్పణలు చేయుట యే మతమునను బుణ్యము కాదు.

ఆ మిత్రుఁడు ప్రశ్నను నాయొద్దకుఁ దెచ్చెను. దాని కుత్తర మీయవలసినది యింట నున్న తల్లి. ఆమె వినఁగల దినములలోనే యడుగుటకు ధైర్యమును, నిజమును నొప్పింపక పలుకు నేర్పును పరమేశ్వరుఁడు మనకుఁ బ్రసాదించుఁగాక!

ఓం తత్సత్.