మొదటి అనుమానం ఎవరి మీద?

డిటెక్టివ్ కథలో హత్య ఎవరు చేశారన్నది చివర తెలుస్తుంది. అనుమానం ముందుగా ఎవరి మీద పడిందో చూస్తే మాత్రం రాసినవాళ్ల మనసు మొదట్లోనే తెలిసిపోతుంది.

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన వాళ్లలో నేనూ ఒకడిని. ఆ తరహా కథల్లో నాకు నచ్చే ధర్మం ఒకటుంది. ఇంటి యజమానినైనా, పనిమనిషినైనా ఒకేలా అనుమానించాలి. రుజువు దొరికేదాకా ఎవరినీ దొంగ అనకూడదు. ఊళ్లో అలా జరగదు కదా. ఏదైనా పోతే ముందు ఎరుకల గుడిసెలు వెతుకుతారు.

1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మన మద్రాసు రాజధానికీ తెచ్చారు. తెగ పేరు ప్రకటనలో పడితే చాలు, అది తప్పని కోర్టులో వాదించే వీలుండేది కాదు. 1952లో ఆ చట్టం రద్దయింది. స్టువర్టుపురం పేరు మాత్రం సినిమాల్లో దొంగల ఊరుగానే ఇంకా నడుస్తోంది.

2021లో వచ్చిన ‘జై భీమ్’ను ఇన్ని లక్షల మంది ఎందుకు చూశారు? నగలు ఎవరు తీశారన్నది అందులో చిన్న ప్రశ్న. పట్టుకుపోయిన ఇరుళ మనిషిని ఏం చేశారన్నదే పెద్ద ప్రశ్న. ఈనాటి పాఠకులకు కావలసిన పరిశోధన అదేనని నా అభిప్రాయం.

మన ఏజెన్సీలో 1/70 చట్టం కూడా అనుమానంతోనే మొదలవుతుంది. గిరిజనేతరుల చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుల నుంచి వచ్చిందనే భావించాలి. మీ మీద అనుమానం అన్యాయమైతే మా మీద న్యాయమా అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఈ అనుమానం భూమి చేతులు మారిన తీరు మీద. కాగితం చూపిస్తే తొలగిపోతుంది. ఆనాటిది పుట్టుక మీద. దాన్ని తుడిచే కాగితం ఎక్కడా లేదు.

అందుకే మన డిటెక్టివ్‌కు పిస్తోలు అక్కర్లేదు. అడంగల్ చదవడం రావాలి, సవర భాషో కువి భాషో రావాలి. ముసలమ్మ సవరలో ఒకటి చెబుతుంది. రాసుకునే ఆయనకు సవర రాదు, తెలుగులో ఇంకొకటి రాస్తాడు. కింద ఆమె వేలిముద్ర పడుతుంది. ఆ చెప్పినదానికీ రాసినదానికీ మధ్య భూతద్దం పట్టుకుని కూర్చున్న డిటెక్టివ్ నేను చదివిన కథల్లో ఇంకా తగల్లేదు.