పరోక్షమున నున్నవాని పాత్ర

1978లో ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా యను విద్యార్థి, పలువురు కంప్యూటరుపైఁ గూడి యాడు నొక కల్పనాలోకమును నిర్మింప నారంభించెను. నాఁటినుండి యిట్టి యాటలను ఒక ధర్మసందేహము వెన్నాడుచున్నది. ఆటగాఁడు నెలలకొలఁది కానరాఁడు. వాని పాత్ర మాత్రము కథామధ్యమున నిలిచియుండును. తోడివారు దాని నేమి చేయవలెను?

చంపివేసి కథ సాగింపవలెనని కొందఱందురు. వారి యిబ్బంది నిజమే. ఒక్కనికై పదిమంది వేచియుండుట న్యాయము కాదు. 'ఫైనల్ ఫాంటసీ 14' అను నాటలో యజమాని 45 దినము లడుగుపెట్టని గృహమును గూల్చివేయుదురు. అచట స్థలము కొలఁది, కోరువారు పెక్కురు. అయినను 2020లో మహమ్మారి ప్రబలినపుడు ఆ నియమమును గొంతకాల మాపిరి. రానివాఁడెల్ల నుపేక్షకుఁడు కాఁడని యొప్పుకొనుటయే గదా యిది!

స్థానమును, శీలమును వేఱుచేసి చూడవలెనని మా యభిప్రాయము. గృహము, పదవి పదిమందికి సంబంధించినవి; గడువు తీఱిన నితరుల కీయవచ్చును. పాత్రయొక్క మాటయు, నడతయు, మరణమును సృజించినవానివి. కావున ముందుగా వానికి వర్తమాన మంపి, బదులు రాకున్నఁ బాత్రను దూరప్రయాణమునకుఁ బంపుట యుచితము. కథయు సాగును, తిరిగి వచ్చువానికిఁ జోటును మిగులును.

ఇది యాటయే గదా యని పాఠకులు తీసివేయరాదు. దేశాంతర మేఁగిన సోదరుని భాగమును గాపాడు బుద్ధియు నిట్టిదే.