చచ్చినవాడు జవాబు చెప్పడు

మా పుత్తూరంటే అందరికీ తెలిసింది కట్టు. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఇక్కడ బస్సు దిగుతారు. 2013 అక్టోబర్ 5న మాత్రం ఊళ్లోకి దిగింది పోలీసులు. తెల్లవారకముందే గేట్ పుత్తూరు మేదర వీధిలో ఒక ఇంటిని చుట్టుముట్టారు. తమిళనాడులో హత్యలు, బాంబుల కేసుల్లో వెతుకుతున్న బిలాల్ మాలిక్, పన్నా ఇస్మాయిల్ లోపలున్నారు. ఒక పోలీసు అధికారి తీవ్రంగా గాయపడ్డాడు. గంటలు గడిచాక ఒక స్త్రీ, ముగ్గురు పిల్లలు బయటికొచ్చారు. తర్వాత మగవాళ్లిద్దరూ ప్రాణాలతో దొరికారు.

ఆ సాయంత్రం మా ఎదురింటత్త అరుగు మీద కూర్చుని అడిగింది. "ఏం పాపా, జైల్లో పెట్టి మేపేదానికా వీళ్లని పట్టుకుండేది? ఆడనే కాల్చి పారేసుంటే పీడ పొయ్యుండేది గదా!"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే.

1988లో మా అక్క కాలిపోయింది. స్టవ్ పేలిందన్నారు అత్తగారివాళ్లు. ఆసుపత్రిలో రెండు రాత్రులు పక్కనున్నది అమ్మ. అక్క చివరి మాటలు విన్నది అమ్మ ఒక్కతే. బావ అరెస్టయ్యాడు. కోర్టులో ఏం చెప్పాలో అమ్మ రోజూ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని తనలో తను చెప్పుకునేది. చదువురాని మనిషి, ఒక్క మాట కూడా తప్పిపోకూడదని భయం. కేసు విచారణకు రాకముందే బావ జైల్లో చచ్చిపోయాడు. జబ్బు చేసిందన్నారు. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ ఏడవలేదు. "దేవుడు చూసినాడు" అన్నాడు నాన్న. "పీడ పోయింది" అన్నాను నేను. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "అయితే ఇంక నన్నెవురూ పిలవరా?"

పిలవలేదు. ముద్దాయి చనిపోతే అతని మీద కేసు ఆగిపోతుంది. చట్టం అంతే. అక్కను ఎవరు కాల్చారో చెప్పే తీర్పు కాగితం ఈ లోకంలో లేదు. బావ తరఫువాళ్లు ఈ రోజుకీ స్టవ్ పేలిందనే చెప్తారు. కాదని చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

చాలా ఏళ్ల తర్వాత ఇంకో సంగతి తెలిసింది. బావ శవాన్ని కడిగేటప్పుడు వీపు మీద కమిలిన చారలు చూసిందట వాళ్లమ్మ. ఆమెనూ ఎవరూ అడగలేదు. ఇద్దరు తల్లుల దుఃఖం ఒకటేనని అనలేను. కానీ ఇద్దరికీ తెలిసింది చెప్పుకునే చోటు మాత్రం దొరకలేదు.

2008 నవంబర్ 9 రాత్రి అనంతపురం జైల్లో మొద్దు శీనును తోటి ఖైదీ ఓంప్రకాశ్ డంబెల్‌తో కొట్టి చంపాడన్న వార్త విన్నప్పుడు నాకు మళ్లీ అమ్మ మాటే గుర్తొచ్చింది. 2005 జనవరి 24న పరిటాల రవిని చంపింది తానేనని టీవీల ముందు చెప్పుకున్నవాడు మొద్దు శీను. అలాంటివాడి కోసం కన్నీళ్లు పెట్టుకోమని నేను ఎవరినీ అడగను. కానీ ఆ హత్య వెనక ఎవరెవరున్నారని రాష్ట్రమంతా వాదించుకున్న రోజులవి. జవాబు చెప్పించాల్సిన మనిషి నోరు తాళాల వెనకే శాశ్వతంగా మూతపడింది. చంపినవాడు కూడా 2020లో విశాఖ జైల్లో ఖైదీగానే, జబ్బుతో పోయాడు. ఇవతల సునీత, అవతల భానుమతి. 2011 జనవరిలో మద్దెలచెరువు సూరి హత్యతో ఆమె కూడా భర్తను పోగొట్టుకుంది. ఫ్యాక్షన్ ఊళ్లలో మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రాలిపోతారు, ఆడవాళ్లకు మిగిలేది ఫొటోకి దండ. నిజం మాత్రం మిగలదు.

ఇంతకీ జైలంటే ఏమిటి? ఈ మనిషి ఇకనుంచి నా పూచీ అని ప్రభుత్వం తాళం వేసి చెప్పడం. ఆ తాళం లోపల ఒకడు చచ్చిపోతే మొదట నిలదీయాల్సింది తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లని. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే చెప్పింది. మెజిస్ట్రేటు విచారణ జరగాలని 2005లో చట్టాన్ని సవరించారు. ఇవేవీ చచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని చూసి పెట్టినవి కావు.

మనకు నిజంగా కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఢిల్లీ బస్సు అత్యాచారం కేసులో ముద్దాయి రామ్ సింగ్ 2013 మార్చి 11న తీహార్ జైల్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు, చంపేశారన్నారు ఇంటివాళ్లు. ఆ రోజు మా స్టాఫ్ రూంలో చాలామంది ఆడవాళ్ల ముఖాల్లో తృప్తి చూశాను. వాళ్లని తప్పు పట్టలేను. కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగి, అడ్డమైన ప్రశ్నలకు జవాబులు చెప్పి, చివరికి ఓడిపోయిన స్త్రీలు మనకెంతమంది తెలుసు! 'కోర్టుకెళ్లు' అని చెప్పడం తేలిక, వెళ్లినవాళ్లకు తెలుసు అదేమిటో.

అయినా ఒకటి ఆలోచించాలి. ఇన్నేళ్లుగా మనం పోరాడింది దేనికి? స్త్రీ మాటను నమ్మండి, సాక్ష్యంగా తీసుకోండి అని కదా. జైల్లో జరిగే చావుకి ఏ స్త్రీ మాటా అక్కర్లేదు. ఆమె ఏం చూసింది, ఏం భరించింది అన్నది ఎవరూ వినకుండానే లెక్క సరిపోయిందంటారు. మన పేరు మీద జరిగిన పనిలో మన గొంతే లేకుండా పోతుంది.

ఇంకోటి. నాలుగు గోడల మధ్య జరిగింది మా సొంత విషయం అన్న మగవాళ్లతో మనం తరతరాలుగా పోట్లాడుతున్నాం. గోడల వెనక ఏం జరిగిందో బయటికి తెలియాలన్నదే మన రాజకీయం. ఇంటి గోడలకి ఒక న్యాయం, జైలు గోడలకి ఇంకో న్యాయం ఎలా కుదురుతుంది? 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం చేసి, భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపారు. అప్పుడు పోలీసుల తరఫున వినిపించిందేమిటి? ఆమె చెడిపోయిన మనిషి అని. విచారణ కమిషన్ పోలీసులది తప్పని తేల్చినా, రాయచూరు కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. 'చెడ్డపేరు' అనే ముద్ర ఎవరి చేతిలో ఉంటుందో, అది ముందుగా ఎవరి మీద పడుతుందో ఆడవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెడ్డవాణ్ణి లోపల ఏం చేసినా ఫరవాలేదని ఒప్పుకుంటే, రేపు లోపల ఉన్న ప్రతివాళ్లనీ ముందుగా చెడ్డవాళ్లని చేస్తారు.

ఎదురింటత్తకి ఇవన్నీ చెప్పలేదు. మా అక్క సంగతి చెప్పాను. అమ్మ పొయ్యి ముందు సాక్ష్యం వల్లెవేసుకున్న సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీయమ్మ చెప్పుంటే బాగుండు పాపా" అంది చివరికి.

అమ్మ పోయి పదిహేనేళ్లు దాటింది. అక్క చివరి మాటలు నాకు కూడా పూర్తిగా చెప్పలేదు. కోర్టులో చెప్పాల్సినవి ఇంట్లో చెప్పకూడదని అనుకుందో ఏమో. మా బావ బతికుండి బోనులో నిలబడి ఉంటే, అమ్మ ఎదురుగా నిలబడి ఆ మాటలు చెప్పేది. అతను విని ఉండేవాడు. శిక్ష పడేదో లేదో నాకు తెలియదు. కానీ అతను అమ్మ మాట విని తీరాల్సి వచ్చేది. చావు అతన్ని దాన్నుంచి తప్పించింది.